బెడ్‌పాన్ అడగలేక నీళ్లు మానేసింది

సోమవారం అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. 74 ఏళ్ల మనిషి, బాత్రూంలో జారిపడితే ఎడమ తుంటి విరిగింది. ఆరోగ్యశ్రీ పని తేలిగ్గానే అయింది. రేషన్ కార్డు, ఆధార్ ఇస్తే మిగతాది ఆరోగ్యమిత్రే చూసుకున్నాడు. ఆపరేషన్‌కూ వంక పెట్టను. నరకమంతా వార్డులో, అదీ బెడ్‌పాన్ దగ్గర.

ఆపరేషన్ మర్నాడు యూరిన్ గొట్టం తీసేశారు. ఇక పాన్ కావాలంటే సిస్టర్‌ను పిలవాల్సిందే. "పదిహేడో బెడ్డూ, మళ్లీనా? ఇందాకేగా పెట్టించాను! ప్యాంపర్ కట్టుకోరాదూ?" అని పగటి డ్యూటీ సిస్టర్ వార్డంతా వినేలా అరిచింది. తెర లాగలేదు. పక్క మంచం ఆవిడ కొడుకు తలదించుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. అదే సిస్టర్‌కు ఒకరోజు పైఅంతస్తు డబ్బు కట్టే రూముల్లో డ్యూటీ పడితే "మాత్రలు వేసుకున్నారా అమ్మా" అంటోంది, విన్నాను. కింద "వేసుకున్నావా". ఆ "రు"కి ఎంత తీసుకుంటారో బిల్లులో రాయరు.

మూడో రోజు సాయంత్రానికి అమ్మ నాలుక పిడచగట్టింది, యూరిన్ డికాక్షన్ రంగులో వచ్చింది. పొద్దున పెట్టిన లీటరు బాటిల్ మూతకు సీలు కూడా ఊడలేదు. చార్టులో మాత్రం 1500 మి.లీ. తాగినట్టు రాసుంది! అడిగితే అమ్మ "తాగితే మళ్లీ ఆ అమ్మాయిని పిలవాలిగా" అంది. ఈ వయసులో నీళ్లు తగ్గితే యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మాట తడబడటం, అన్నీ మీద పడతాయి.

రాత్రి సిస్టర్ చార్టు చూసి ఏమీ అనలేదు. 10కి, 1కి, 4కి తనే వచ్చి "అమ్మమ్మా, పాన్ పెట్టనా?" అనేది. ముందు తెర లాగేది. అంచు పల్చగా ఉండే పాన్‌ను వేడినీళ్లతో కడిగి, తుడిచి తెచ్చేది. కాళ్ల మధ్య దిండు కదపకుండా, బాగున్న కుడి మోకాలు మడిచి మడమ ఊనమనేది. ఒకరు నడుం కింద చేతులు వేసి లేపితే కుడివైపు నుంచి పాన్ తోయాలి. ఈడ్చారంటే చర్మం ఒరుసుకుని అక్కడే పుండు పడుతుంది. తుడవడం ముందు నుంచి వెనక్కి. పది నిమిషాలు దాటి పాన్ మీద ఉంచకూడదు. మొత్తం కలిపి నాలుగైదు నిమిషాల పని. ఈ వరస నేర్చుకుని పగలు నేనే పెట్టాను. తొలి రెండుసార్లు మాత్రం సిస్టర్‌ను పక్కన ఉంచుకోండి.

అక్కడ పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 8, ఈ మూడు వేళల్లో డ్యూటీ మారుతుంది, అరగంట ఎవరూ పలకరు. దానికి ముందే పాన్ అడిగేయాలి. పగలు ఇద్దరు సిస్టర్లకు 38 మంచాలు, నిజమే, ఆ కోపం యాజమాన్యం మీద చూపించాలి. రాత్రి ఆ 38 మందినీ చూసింది ఆ అమ్మాయి ఒక్కతే.

ఇంటికొచ్చాక కూడా, గ్లాసు చేతికిస్తే అమ్మ ముందు నా మొహం చూసి, తర్వాత తాగుతోంది.