చప్పట్లన్నీ బాబాయ్ గారికే

నిన్న రాత్రి విశాఖ సిరిపురంలోని ఒక చిన్న క్లబ్బులో స్టాండప్ కామెడీకి వెళ్లాను. కుర్చీలు ఇరుకు, ఏసీ అంతంత మాత్రం. మొదట వచ్చిన కుర్రాడు హైదరాబాద్ ట్రాఫిక్ మీద వేసిన జోకులు ఇక్కడ పేలలేదు, పాపం.

తర్వాత గాజువాక అమ్మాయి వచ్చింది. మైకు తీగను వేలికి చుట్టుకుంటూ, జనం వైపు చూడకుండానే మొదలుపెట్టింది: "మన బీచ్ రోడ్డులో ఒక పక్క జలాంతర్గామి, ఎదురుగా విమానం. రెండింటికీ చోటు దొరికింది. మా నాన్న స్కూటరుకే దొరకదు!" హాలంతా గొల్లున నవ్వింది. కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి, టీయూ-142 విమానాన్ని 2017 నుంచి చూస్తూనే ఉన్నాం, మనకెందుకు తట్టలేదో!

ముందు వరుసలోని పెద్దాయనను "బాబాయ్ గారూ, మీరు నవ్వరా?" అని అడిగింది. ఆయన తడుముకోకుండా "టికెట్టు మా అబ్బాయి కొన్నాడమ్మా, వాణ్ణి నవ్వమను" అన్నారు. అంతే, చప్పట్లు ఆగలేదు. ఆమె కూడా మైకు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఒక్కరే నిలబడి సభను ఆడించడం మనకు కొత్తేమీ కాదు. పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథలు విన్న నేల ఇది. కథ మధ్యలో పిట్టకథతో నవ్వించి మళ్లీ కథలోకి లాక్కుపోవడం హరిదాసులకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ చిడతలు లేవు, అంతే తేడా.

చివర వచ్చినాయన బూతులతోనే గట్టెక్కాలనుకున్నాడు. సగం మంది ఫోన్లు చూసుకున్నారు.

మళ్లీ పెడతారట. ఆ బాబాయ్ గారు వస్తానంటే టికెట్టు నేనే కొంటాను.