కొండలు ముందు, సముద్రం తర్వాత: అల్బేనియాలో మా వేసవి

జర్మనీలో స్కూలుకెళ్లే పిల్లలున్న ఇళ్లలో వేసవి సెలవుల చర్చ చలికాలంలోనే మొదలవుతుంది. మా అమ్మాయికి సముద్రం కావాలి, మా ఆయనకి కొండలు కావాలి. నాకు రెండూ ఇష్టమే, కానీ ఖర్చు అదుపులో ఉండాలి. మొదట క్రొయేషియా చూశాం. తీరం ఊళ్లలో జులై గదుల అద్దెలు చూసి దాన్ని పక్కన పెట్టాం. మ్యాప్‌లో ఇంకొంచెం కిందికి వెళ్తే, మాంటెనెగ్రో దాటాక, గ్రీసుకి పైన అల్బేనియా కనిపించింది. విస్తీర్ణం దాదాపు 28,700 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో నాలుగో వంతు. అంత చిన్న దేశంలో ఉత్తరాన 2,600 మీటర్లు దాటిన శిఖరాలు, దక్షిణాన అయోనియన్ సముద్రం. ఇంకేం వెతకాలి అనిపించింది.

అల్బేనియా యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లోనూ లేదు. అయినా షెంగెన్ దేశాల్లో రెసిడెన్స్ పర్మిట్ ఉన్న భారతీయులకి వేరే వీసా అక్కర్లేదు. మా ముగ్గురికీ ఆ టెన్షన్ లేకుండా పోయింది. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు ఆ దేశ విదేశాంగ శాఖ సైట్ ఒకసారి చూసుకోవాలి. ఇంకో సంగతి, జర్మనీ సిమ్‌కి ఉండే యూరోపియన్ యూనియన్ రోమింగ్ ధరలు అక్కడ వర్తించవు. దిగగానే లోకల్ సిమ్ తీసుకోవడం మంచిది.

దూరాలు చూసి రోజులు లెక్కేస్తే ఈ దేశంలో ప్లాన్ తలకిందులవుతుంది. మ్యాప్‌లో వంద కిలోమీటర్లు కనిపించినచోట కొండదారిలో సగం రోజు పట్టొచ్చు. ఊళ్ల మధ్య తిరిగే మినీ బస్సుల్ని అక్కడ ఫుర్గోన్ అంటారు. చాలా దారుల్లో అవి నిండాకే బయల్దేరతాయి. అందుకే మేం చూడాల్సిన చోట్ల జాబితా పక్కన పెట్టి, రోజుకి ఒక్క ప్రయాణం మాత్రమే అని నిర్ణయించుకున్నాం. రెండో నిర్ణయం, కొండలు ముందు, సముద్రం తర్వాత. ఒళ్లు అలిసేది కొండల్లోనే కాబట్టి ఆ అలసట తీర్చుకోవడానికి చివర్లో సముద్రం ఉండాలి. వెళ్లొచ్చాక ఎవరడిగినా నేను గట్టిగా చెప్పే మాట ఇదే.

టిరానా విమానాశ్రయానికి మదర్ థెరిసా పేరు పెట్టారు. ఆమె పుట్టింది 1910లో, ఇప్పటి నార్త్ మాసిడోనియా రాజధాని స్కోప్యేలో, అల్బేనియన్ కుటుంబంలో. అక్కడివాళ్లు ఆమెని నెనె తెరెజా అంటారు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, ఇండియా అనగానే "కల్కుటా!" అని గుండె మీద చెయ్యి వేసుకున్న పెద్దవాళ్లు మాకు చాలాచోట్ల కనిపించారు. ఒక్క మనిషి వల్ల రెండు దేశాల మధ్య ఇంత చుట్టరికం ఉంటుందని నేను అనుకోలేదు.

ముందు ఉత్తరాన ష్కోద్ర వెళ్లాం. అక్కడ గది ఇచ్చినవాళ్లే కొండల యాత్రకి టికెట్ కూడా ఏర్పాటు చేశారు. వ్యాన్, లాంచీ, మళ్లీ వ్యాన్, మూడూ కలిపి ఒకే టికెట్. పెద్ద సూట్‌కేసులు వాళ్ల దగ్గరే వదిలి, తలో చిన్న సంచి మాత్రం తీసుకున్నాం. అందరూ ఇలాగే చేస్తారు, ఎందుకంటే మూడు రోజుల తర్వాత మళ్లీ ఆ ఊరికే వస్తాం. నగదు కూడా ష్కోద్రలోనే తీసుకోవాలి. కొండ గ్రామాల్లో కార్డుని నమ్ముకోలేం.

తెల్లవారుజామునే వ్యాన్ వచ్చింది. కోమాన్ దగ్గర లాంచీ ఎక్కాం. 1980లలో డ్రిన్ నది మీద కట్టిన డ్యామ్ వల్ల ఏర్పడిన జలాశయం అది. సరస్సు అంటారు కానీ నిజానికి అది నీళ్లు నిండిన లోయ. రెండు పక్కలా నిట్టనిలువు రాతికొండలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్లు, ఎదురుగా దారి మూసుకుపోయినట్టే ఉంటుంది, దగ్గరికెళ్లగానే మలుపు తిరిగి తెరుచుకుంటుంది. పాపికొండల మధ్య గోదావరి మీద వెళ్లినవాళ్లకి ఆ మలుపులు వెంటనే గుర్తొస్తాయి. కాకపోతే ఇక్కడి కొండలు ఇంకా ఎత్తు, చెట్లు తక్కువ. మధ్యమధ్య ఒడ్డున ఒంటరి ఇళ్లు. ఒకచోట లాంచీ ఆగితే ఒక పెద్దావిడ పిండి బస్తాతో దిగిపోయింది. రోడ్డు లేని ఆ ఇళ్లకి ఇదే బస్సు. మనకి అందంగా కనిపించే లాంచీ ప్రయాణం వాళ్లకి నిత్యావసరం అని అప్పుడు గట్టిగా తెలిసింది.

ఫియర్జాలో దిగి, మళ్లీ వ్యాన్‌లో వాల్బోనా లోయకి చేరాం. మర్నాడు వాల్బోనా నుంచి థెత్‌కి నడక. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున కనుమ ఎక్కి అవతలికి దిగాలి. నడకకి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. జూన్ మొదట్లో కనుమ మీద ఇంకా మంచు ఉండొచ్చు. అందుకే మేం జులై మొదటి వారం ఎంచుకున్నాం. ఎరుపు తెలుపు గుర్తులు రాళ్ల మీదా చెట్ల మీదా ఉంటాయి, దారి తప్పే భయం తక్కువ. బరువు మోయలేనివాళ్లకి గుర్రాలు దొరుకుతాయి. దారిలో కర్రలతో వేసిన చిన్న టీ కొట్లు ఉన్నాయి. ఊటనీళ్లలో పెట్టి చల్లబరిచిన సీసాలు, కొండల్లో ఏరి ఎండబెట్టిన ఆకులతో కాచిన టీ. పాలు, టీపొడి ఏమీ లేని ఆ టీని మా అమ్మాయి రెండు కప్పులు తాగింది. కనుమ మీదికి చేరాక వెనక్కి తిరిగితే వాల్బోనా వైపు తెల్లటి రాళ్ల నదీగర్భం, ఎదురుగా థెత్ వైపు చీకటిగా బీచ్ అనే జాతి చెట్ల అడవి. పదకొండేళ్ల పిల్ల అంతెత్తు ఎక్కి నిలబడటం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

థెత్‌లో ఇళ్లే హోటళ్లు. రాత్రి భోజనం అందరూ ఒకే బల్ల చుట్టూ తింటారు. మేం శాకాహారులమని ముందే ఫోన్‌లో చెప్పాం. చిక్కుడు గింజల పులుసు, బియ్యం కూరిన బుంగమిరపకాయలు, జున్ను లాంటి తెల్ల చీజ్, నిల్వ కూరగాయల పచ్చడి, వేడి వేడి మొక్కజొన్న రొట్టె. కడుపు నిండా తిన్నాం. శాకాహారులకి అల్బేనియాలో ఇబ్బంది ఉంటుందనే మాట నేను ఒప్పుకోను. బస్టాండు దగ్గర కూడా పాలకూర, చీజ్ పెట్టిన బైరెక్ దొరుకుతుంది. పల్చటి పొరల పిండి వంటకం అది, పొద్దున్నే ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

ఆ ఊళ్లో రాతితో కట్టిన ఒక బురుజు ఇల్లు ఉంది. కిటికీలు అరచేయంత. ఉత్తర అల్బేనియా కొండల్లో కనూన్ అనే కట్టుబాటు శతాబ్దాలపాటు నడిచింది. అందులో రక్తపగకి కూడా నియమాలుండేవి. పగ తన మీదికి వచ్చిన మగవాడు రాజీ కుదిరేదాకా అలాంటి బురుజులో తలదాచుకునేవాడట. అదే కట్టుబాటు అతిథిని ఇంటివాళ్లకంటే ఎక్కువగా కాపాడమంటుంది. ఒకే చట్టంలో ఈ రెండూ ఎలా ఇమిడాయో అని మేం ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం.

అక్కడి నుంచి దక్షిణానికి దిగే దారిలో బెరాత్‌లో ఆగాం. యునెస్కో జాబితాలో ఉన్న ఊరు. ఓసుమ్ నదికి రెండు ఒడ్డులా కొండవాలు మీద తెల్లటి ఇళ్లు, వాటికి వరసగా కిటికీలు. పైన కోటలో ఇప్పటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. సందుల్లో బట్టలు ఆరేసి ఉంటాయి, గుమ్మాల ముందు అవ్వలు అల్లికలు అమ్ముతుంటారు. పళ్లు కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అక్కడి కరెన్సీ పేరు లెక్, 1965లో దాన్ని మార్చి ఒక సున్నా తీసేశారు, అయినా చాలామంది ఇప్పటికీ పాత లెకుల్లోనే ధర చెబుతారు. రెండు వేలంటే రెండు వందలన్నమాట. మోసం కాదు, అలవాటు.

దారి పొడవునా పొలాల్లో, గుట్టల మీద కాంక్రీటు బంకర్లు కనిపిస్తూనే ఉంటాయి. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా పాలనలో, రాని శత్రువు కోసం లక్షకు పైగా కట్టించారు. 1967లో దేశంలో మతాన్నే నిషేధించారు. చర్చిలూ మసీదులూ మూతపడ్డాయి. ఆ తరం మనుషులే ఇవాళ మనల్ని ఇంట్లోకి పిలిచి కాఫీ ఇస్తున్నారు.

సముద్రానికి అందరూ క్సామిల్ పేరే చెబుతారు. నీళ్లు నిజంగానే అద్దంలా ఉంటాయి. కానీ జులై, ఆగస్టుల్లో ఇసుక కనపడనంతగా అద్దె కుర్చీలు. మేం హిమారాలో దిగాం. వ్లోరా వైపు నుంచి వస్తే ల్యోగరా కనుమ దాటాలి. 2024లో సొరంగం తెరిచారు కాబట్టి ఇప్పుడు త్వరగా వెళ్లొచ్చు, కానీ మీరు మాత్రం పాత కొండరోడ్డే పట్టుకోండి. పైన్ చెట్ల మధ్య వెయ్యి మీటర్ల ఎత్తుకి చేరాక, ఒక్క మలుపులో సముద్రం మొత్తం కాళ్ల కింద పరుచుకుంటుంది. క్రీ.పూ. 48లో జూలియస్ సీజర్ సైన్యంతో దిగింది ఆ కింద కనిపించే తీరంలోనే, పలాసె దగ్గర.

ఆ తీరంలో ఎక్కువచోట్ల ఇసుక కాదు, గులకరాళ్లు. నీళ్లలోకి వేసుకునే రబ్బరు చెప్పులు తప్పనిసరి. పొద్దున ఎండ ఎక్కకముందు ఈత, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఊరంతా బయటికొచ్చి సముద్రం ఒడ్డున నడిచే వేళ మేమూ నడక. కొండల్లో పట్టేసిన కాళ్లు రెండో రోజుకే తేలికయ్యాయి. ఒక పూట బోర్ష్ వెళ్లాం, ఆలివ్ తోటల కింద కొన్ని కిలోమీటర్ల బీచ్. ఇంకో రోజు సరండా మీదుగా బుట్రింట్ శిథిలాలు. గ్రీకుల రంగస్థలం, రోమన్ల స్నానశాలలు, వెనిస్ వాళ్ల బురుజు, అన్నీ ఒకే అడవిలో, చుట్టూ నీళ్లతో. పొద్దున్నే వెళ్తే నీడలో చూడొచ్చు.

వ్యోసా నది మాత్రం మిగిలిపోయింది. 2023లో ఆ నదిని జాతీయ పార్కుగా ప్రకటించారు. బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప దాని ఒడ్డున ఒక్క రాత్రి కూడా గడపలేదు. వచ్చే ఏడాది పెర్మెత్‌లో మకాం పెట్టి, అక్కడి నుంచి తూర్పున కోర్చా దాకా వెళ్లాలని మా ఆయన అప్పుడే బస్సు వేళలు కనుక్కుంటున్నాడు.