హోరాహోరీ పోరుకు ఇంగ్లీషు మాటలు
ఓట్ల లెక్కింపు రోజున మన టీవీ ఛానళ్లలో తరచుగా వినిపించే ‘నెక్ అండ్ నెక్’ గుర్రప్పందేల మాట. రెండు గుర్రాల మెడలు ఒకే వరుసలో సాగుతున్నంతసేపు, అంటే పోటీ ఇంకా నడుస్తుండగానే, అది చక్కగా అతుకుతుంది. ఫలితం తేలాక కూడా దానినే వాడడం నాకు పొరపాటుగా తోస్తుంది. ఇద్దరూ ఒకేసారి గమ్యం చేరితే ‘డెడ్ హీట్’ అనాలి: 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతను సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ సరిగ్గా 52.70 సెకన్లలోనే ముగించి, ఇద్దరూ స్వర్ణం అందుకున్నారు. క్రికెట్‌లో దీనిని ‘టై’ అంటారు. 2019 ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ 241 పరుగుల వద్ద, ఆపై సూపర్ ఓవర్‌లోనూ 15 వద్ద సమంగా నిలిచినా, బౌండరీల లెక్కతో (ఆ నిబంధన నాకు నేటికీ మింగుడుపడదు) కప్పు ఇంగ్లండ్‌కు దక్కింది.