రూఫ్ మీద క్లియర్ లేచిపోయింది: నల్గొండలో మా కారు బాగుచేయించిన తీరు

మా సిల్వర్ కలర్ కారుకు ఇంటి ముందు నీడ లేదు, ఆఫీసు దగ్గరా లేదు. నల్గొండలో మే ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం రూఫ్ మీద చెయ్యి పెట్టలేం. ముందు రూఫ్ నడుమ తెల్లగా మసక పట్టింది. ఆ తర్వాత ఎండాకాలానికి అంచులు లేచి, పాము కుబుసంలా పొరలు ఊడటం మొదలైంది. తలుపులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఎండ నేరుగా పడేది రూఫ్, బానెట్ల మీదే కదా.

ఊడేది రంగు కాదు, దాని మీదున్న క్లియర్ అనే రంగులేని పొర. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగున్న బేస్ కోటు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ ఉంటాయి. కంపెనీ వేసిన క్లియర్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి, కింది బేస్ మీద పట్టు వదిలేస్తుంది. పట్టు వదిలిన పొరను ఏ పాలిషూ మళ్లీ అతికించలేదు. ఇది తెలియక పాలిష్‌కనీ, సిరామిక్ కోటింగ్‌కనీ జనం వేలకు వేలు పోస్తుంటే నాకు మనసొప్పదు.

మా బానెట్ సంగతి వేరు. మసకే తప్ప ఎక్కడా పొర లేవలేదు, గోరుకు అంచు తగల్లేదు. తెల్లగుడ్డకు కాంపౌండ్ (సన్నగా రుద్దే పాలిష్ పేస్టు) రాసి రుద్దితే రంగు అంటలేదు, అంటే పైన క్లియర్ ఇంకా ఉన్నట్టే. దానికి కాంపౌండ్ పెట్టి బఫింగ్ చేయిస్తే చాలింది.

రూఫ్ కోసం రెండు మూడు షెడ్లు తిరిగాను. ఒకాయన ఊడిన చోట మాత్రమే కొడతానన్నాడు, ఖర్చు తక్కువ. నేను పని అప్పగించిన పెయింటరన్న మాత్రం ఒప్పుకోలేదు. "సార్, గట్ల నడుమ ఆపితే ఆ గీత కాడ మల్ల లేస్తది. కొడితే అంచుల దాక కొట్టాలె" అన్నాడు. నిజమే. కొత్త క్లియర్ పలచబడి పాత క్లియర్ మీద ముగిసే చోటే బలహీనం, అక్కడే మళ్లీ విడుస్తుంది. రూఫ్‌కు రెండు పక్కలా నల్ల బీడింగ్ ఉంటుంది. దాన్ని పీకి, క్లియర్‌ను ఆ గాడిలో ముగించాడు. అద్దం రబ్బరు కింద సన్న తాడు దూర్చి, కొంచెం పైకి లేపి టేపు వేశాడు. ఏంటెన్నా విప్పేశాడు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది గీకుడే, తినాల్సింది కూడా అదే. లేచిన పొరతో పాటు, చుట్టూ బాగున్నట్టు కనిపిస్తూ లోపల పట్టు వదిలిన క్లియర్ కూడా పోవాలి. 320 నంబరు గరుకు పేపర్‌తో అంచులు సాపు చేసి, 600, ఆపై 800 వాటర్ పేపర్ పట్టాడు. పాత క్లియర్ ముగిసే చోట వేలికి మెట్టు తగలకూడదు. తగిలిందా, రేపు రంగు కింద ఆ గీత కనబడుతుంది. సిల్వర్ అయితే చిన్న గీతను కూడా దాచదు. రేకు బయటపడ్డ చోట ప్రైమర్ కొట్టి, మళ్లీ సాపు చేశాడు.

రంగు కోడ్ బండి మీదున్న ప్లేటు చూసి కలిపించాం. అయినా ముందు ఒక అట్ట ముక్క మీద కొట్టి, ఎండలో పెట్టి బండితో పోల్చి చూశాకే ఒప్పుకున్నాను.

పని చలికాలంలో పెట్టుకున్నాం. వానాకాలపు తేమకు క్లియర్ తెల్లబారే ప్రమాదం ఉంటుంది, ఎండాకాలంలో థిన్నర్ తొందరగా ఎగిరిపోయి పొర సాఫీగా పరుచుకోదు. పొద్దున గాలి లేని వేళ, షెడ్డు నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణిచాక, కంప్రెసర్‌లో చేరిన నీళ్లు వదిలి, ముందు రంగు, దాని మీద క్లియర్ కొట్టడానికి గన్ పట్టాడు. క్లియర్ హార్డ్‌నర్ (గట్టిపరిచే రసాయనం) కలిపే రకం, డబ్బా మీద ఉన్నట్టు రెండు పాళ్ల క్లియర్‌కు ఒక పాలు హార్డ్‌నర్. హార్డ్‌నర్ అక్కర్లేని స్ప్రే డబ్బా క్లియర్ ఈ ఎండకు ఎక్కువ కాలం ఆగదు.

అన్న ముఖానికి దస్తీ కట్టుకొని కొట్టబోతుంటే ఆపాను. హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు. గుడ్డ దాన్ని ఆపదు. పెద్ద షాపుల స్ప్రే గదుల్లో బయటి నుంచి గాలి వచ్చే మాస్కులు వాడతారు. ఇక్కడ అది లేదు కాబట్టి కనీసం ఆవిర్లకు పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు కొనిచ్చి, అది పెట్టుకున్నాకే మొదలుపెట్టనిచ్చాను. మీరు చేయించినా బిల్లులో ఆ మాస్కు కలుపుకోండి.

క్లియర్ బాగా గట్టిపడ్డాక 2000 పేపర్‌తో దుమ్ము నలుసులు తీసి పాలిష్ పట్టాడు. రెండు నెలల దాకా వ్యాక్స్ వద్దన్నాడు, లోపలి ద్రావకాలు పూర్తిగా ఎగిరిపోవాలట. కవర్ కూడా కప్పడం లేదు, దుమ్ము మీద కవర్ రాసుకుంటే గీతలు పడతాయి. రెట్ట పడితే మాత్రం ఆరక ముందే నీళ్లతో కడిగేస్తున్నాను.