తడి కాళ్ళతో ఎంచుకున్న నేల: బ్రాడీపేట ఇంటి పని, మూడు నెలల లెక్క

జనవరిలో అమ్మ బాత్రూములో జారిపడింది. ఎముక విరగలేదు, కుడి మణికట్టు బెణికింది. నెల రోజులు చెంచాతోనే తింది. ఆ నున్నటి టైలు ఎనిమిదేళ్ళ కిందట షోరూము లైట్ల కింద చూసి, ముచ్చటపడి నేనే కొన్నాను. అందుకే ఇప్పుడు నా ఆదివారాలన్నీ నేల పనికే.

ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, తాతయ్య కట్టించింది. ముందుగదిలో, వరండాలో ఎర్ర గచ్చు. మిగతా గదులు ఒక్కో కాలంలో ఒక్కోలా మారాయి. ఈసారి ఒకటే నియమం పెట్టుకున్నాను. ఏ గదిలో ఏ తడి పడుతుంది, ఎవరు నడుస్తారు అన్నది తేలాకే రంగు సంగతి.

ఫిబ్రవరి: ముక్కలతో పరీక్షలు

షాపుల్లో అడిగితే పగిలిన టైల్స్ ముక్కలు ఊరికే ఇస్తారు. నాలుగు షాపులు తిరిగి తొమ్మిది తెచ్చాను. మాచర్ల నాపరాయి ముక్క, చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్క మేస్త్రీ బాబాయ్ ఇచ్చాడు.

ముందు తూకం. గోడలకు వేసే సిరామిక్ ముక్క వంటింటి కాటా మీద 640 గ్రాములు తూగింది. ఒక రోజంతా నీళ్ళలో ఉంచి, తుడిచి తూస్తే 730! విట్రిఫైడ్, అంటే బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన టైలు ముక్క మాత్రం 910 కాస్తా 911 అయిందంతే. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతానికి మించి నీళ్ళు పీల్చకూడదు. కాటా లేనివాళ్ళు టైలు వెనక్కి తిప్పి ఒక నీటిచుక్క వేసి చూడండి. సిరామిక్ అయితే కళ్ళముందే ఇంకిపోతుంది, విట్రిఫైడ్ మీద చుక్క చుక్కలాగే నిలబడుతుంది. గోడ టైలు చవకగా వస్తోందని నేలకు వేయించుకోవద్దు.

తర్వాత మరకలు. ఒక్కో ముక్క మీద పసుపునీళ్ళు, ఆవకాయ నూనె, నిమ్మరసం వేరువేరు చోట్ల వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తుడిచి చూస్తే నాపరాయి మీద నిమ్మరసం పడినచోట రూపాయి బిళ్ళంత గుండ్రంగా మెరుపు పోయింది. వేలితో రాస్తే గరుకు తగిలింది. నాపరాయి సున్నపురాయి జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. తాండూరు, బేతంచర్ల బండలకూ ఇదే వర్తిస్తుంది. అంటే నాపరాళ్ళ మీద బాత్రూము యాసిడ్ పోయడం రాయిని కరిగించుకోవడమే. గ్రానైటుకు నిమ్మరసంతో ఏమీ కాలేదు. అది నల్లరాయి కాబట్టి నూనె మరక కూడా కనబడలేదు. లేత రంగు గ్రానైటైతే నూనె ఇంకినచోట చాయ మారుతుంది.

మాకు బాగా పనికొచ్చింది టైల్స్ ఫలితం. నున్నటి విట్రిఫైడ్ మీద ఏ మరకా నిలవలేదు. బాగా గరుకుగా ఉన్న టైలు గుంటల్లో మాత్రం పసుపు ఇరుక్కుంది. బట్టల బ్రష్షు, సబ్బుపొడి పెట్టి రుద్దితేగాని వదల్లేదు. అప్పటిదాకా గరుకు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకున్నాను. వంటింటికి అంత గరుకు వద్దని ఆ పూట తేలింది.

మార్చి: బాత్రూము

8 అడుగులు, 5 అడుగులు. మొత్తం 40 చదరపు అడుగులు. అడుగుకి అడుగు యాంటీస్కిడ్ టైల్స్, కోతకి పదోవంతు కలుపుకుని 44 కావాలి. డబ్బాకి 10 చొప్పున 5 డబ్బాలు తెచ్చాను. ఇక్కడ చిన్న టైలే మంచిది. నాలుగు వైపుల నుంచీ నీళ్ళు జాలీ వైపు రావాలంటే చిన్న ముక్కలకు వాటం తేలిగ్గా కుదురుతుంది. పైగా సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు దొరుకుతుంది. కొన్ని కేటలాగుల్లో ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని ఉంటుంది. నూనె పోసిన వాలుబల్ల మీద మనిషిని నడిపించి ఇచ్చే నంబరు అది. పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. నేను ఆర్ 11 తీసుకున్నాను.

పాత టైల్స్ కొట్టడం, మట్టి మోయడం నా పని. పరవడం మేస్త్రీ బాబాయ్‌ది. 8 అడుగులకు అంగుళం పైచిలుకు వాటం ఇచ్చాడు. టైల్స్ పరిచే ముందు వాటర్‌ప్రూఫ్ పూత వేసి, జాలీకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్ళు నిలిపాం. గోడమీద పెన్సిల్ గీత పెట్టాను. రెండు రోజుల తర్వాత నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

టైల్స్ ఆరాక కర్రతో ఒక్కొక్కటీ తట్టి చూశాను. మూడు చోట్ల బోలుగా డబడబమంది. "బాబూ, బరువు పడితే అవే ముందు పగులుతాయి" అని బాబాయే వాటిని లేపి, కింద మళ్ళీ నింపి వేశాడు. మీ ఇంట్లో పని జరుగుతుంటే మేస్త్రీ ఉన్నప్పుడే ఈ తట్టడం చేయండి, తర్వాత ఎవరూ రారు.

ఏప్రిల్: వంటిల్లు

మ్యాట్ విట్రిఫైడ్, రెండు అడుగులకి రెండు అడుగులు. టైలుకు కాకుండా సందుకే మరక పట్టేది వంటింట్లోనే, కాబట్టి సందులు నింపడానికి సిమెంటు గ్రౌట్ వద్దని, రెజిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ కొన్నాను. ధర బాగా ఎక్కువ. దీన్ని నేనే వేశాను, మొదటి గిన్నె పాడుచేశాను. ఏప్రిల్ ఎండకి సగం పూర్తయ్యేసరికే గట్టిపడింది. రెండోసారి నుంచి పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, పిడికెడు పిడికెడే కలిపాను. సందు నింపిన వెంటనే తడి స్పాంజితో టైలు మీది పొర తుడవాలి. ఆరనిస్తే ఆ జిడ్డు మసక ఎన్ని నీళ్ళు పోసినా పోదు.

ముందుగది, వెనకగది

ఎర్ర గచ్చు తీసేయమని చుట్టాలందరూ చెప్పారు. తీయను. మే నెలలో మధ్యాహ్నం తాతయ్య చాప లేకుండా దానిమీదే పడుకునేవాడు. పగుళ్ళు మాత్రం పూడ్చాలి. సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ వేరువేరు పాళ్ళలో కలిపి పాత టైలు వెనక మూడు మచ్చలు వేశాను. తడిమీద మూడూ ముదురు ఎరుపే. వారం ఆరాక ఒకటి ఇటుక రంగుకి, ఒకటి గులాబీకి దిగాయి. మూడోది ఒక్కటే గచ్చుకి దగ్గరగా వచ్చింది. దాంతోనే పూడుస్తున్నాను.

వెనకగది పెద్ద సమస్య. గుంటూరు నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. ఆ గది సిమెంటు నేలలో పగులు మే నెలలో వేలు పట్టేంత, కార్తీకంలో గీతంత. దానిమీద ఎంత ఖరీదైన టైలు పరిచినా కింద మట్టి కదిలితే పగలక మానదు. నేల తవ్వి, రేగడి తీసేసి, గ్రావెల్ పోసి నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టాలి. దానిమీద కాంక్రీటు పడి, ఆరాకే టైల్స్. షాపులో ఆ గదికి సరిపడా బుక్ చేయబోయి ఆగాను.

మొన్న అమ్మ స్నానం చేసి, తడి కాళ్ళతో గోడ పట్టుకోకుండా బయటికి వచ్చింది. "గరుగ్గా ఉందిరా, బాగుంది" అంది. మిగిలిన నాలుగు టైల్స్ డబ్బాతో సహా అటకమీద పెట్టాను. ఒకే మోడల్‌లోనూ షేడ్ మారుతుంది కాబట్టి డబ్బా మీది షేడ్ నంబరు చెరిగిపోకుండా పైన టేపు అంటించాను. వెనకగదికి గ్రావెల్ ట్రాక్టరు శనివారం వస్తుంది.