హైబ్రిడైజేషన్ దగ్గర ఆగాను, ఆర్గానిక్ కదిలింది

రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎలా చదివావు?" ఫిజికల్‌కి లెక్కలు, ఇనార్గానిక్‌కి రివిజన్. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఆర్గానిక్‌లో నాకు దారి చూపించింది హైబ్రిడైజేషన్ (అణువులోని ఎస్, పీ ఆర్బిటాల్స్ కలిసి కొత్తవి ఏర్పడటం) చాప్టర్‌లో ఒక్క ప్రశ్న: సోడమైడ్ అనే బలమైన క్షారం ఎసిటిలీన్ నుంచి ప్రోటాన్‌ను లాగేస్తుంది, ఈథిలీన్ నుంచి ఎందుకు లాగలేదు? ఈథేన్, ఈథిలీన్, ఎసిటిలీన్‌లను పక్కపక్కనే రాసుకున్నాను. ఎస్ లక్షణం, అంటే కార్బన్ హైబ్రిడ్ ఆర్బిటాల్‌లో ఎస్ వాటా, వరసగా 25, 33.3, 50 శాతం. ఎస్ ఆర్బిటాల్ కేంద్రకానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని వాటా పెరిగేకొద్దీ కార్బన్ ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది. ప్రోటాన్ పోయాక మిగిలే జంటను భరించడం దానికి తేలికవుతుంది. పీకేఏ (ఇది ఎంత తక్కువైతే ప్రోటాన్‌ను వదలడం అంత తేలిక) విలువలు సుమారు 50, 44, 25. సోడమైడ్ ప్రోటాన్‌ను తీసుకుంటే అమ్మోనియా అవుతుంది, దానిది 38. ఇక జవాబు కళ్ళముందే ఉంది. 25 దానికి కింద, 44 పైన.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కార్బన్-కార్బన్ దూరం 154, 134, 120 పికోమీటర్లుగా తగ్గడానికి కూడా ఎస్ లక్షణమే కారణమని రాసేస్తుంటారు. అందులో పై (π) బంధాల పాత్ర పెద్దది. ఎస్ లక్షణం ప్రభావం విడిగా కనిపించాలంటే కార్బన్-హైడ్రోజన్ దూరాలు చూడండి. అవీ తగ్గుతాయి, కానీ కొద్దిగానే.

హైబ్రిడైజేషన్ కనుక్కోవడానికి సిగ్మా బంధాలు, ఒంటరి జంటలు కలిపి లెక్కపెట్టే షార్ట్‌కట్ అందరికీ తెలిసిందే. అల్లీన్ మధ్య కార్బన్‌కి పనిచేస్తుంది. అమైడ్ నైట్రోజన్ దగ్గర మాత్రం దెబ్బతీస్తుంది: లెక్క ఎస్‌పీ3 అంటుంది, కానీ రెజొనెన్స్ (ఒంటరి జంట పక్క బంధాల్లోకి పరుచుకోవడం) వల్ల అది ఎస్‌పీ2. పిర్రోల్‌లోనూ అంతే. నామకరణం, ఐసోమెరిజం ప్రాక్టీసుతో వచ్చేస్తాయి, వదిలేయండి.

"ఒక్క చాప్టర్‌కి ఇంత టైమా, మేం టెస్ట్ సిరీస్ పూర్తి చేసేశాం" అన్నవాళ్ళున్నారు. టెస్టులు నేనూ రాశాను, తక్కువే. నాకు అదే సరిపోయింది, ఇప్పటికీ దాన్ని సమర్థించుకుంటాను. రోజూ అదే టైమ్‌కి పుస్తకం ముందు కూర్చోకుండా, ఫోన్ పక్కన పెట్టకుండా ఎన్ని మాక్‌లు రాస్తే ఏం లాభం? సరే, క్లాసు పీకుతున్నాను.

మొదలుపెట్టేవాళ్ళు రియాక్షన్ల జాబితా జోలికి వెళ్ళేముందు ఇండక్టివ్ ఎఫెక్ట్, రెజొనెన్స్, హైపర్‌కాంజుగేషన్ ఈ వరసలో చూడండి. టెర్షియరీ కార్బోకాటయాన్ (మూడు కార్బన్లు అతికిన ధనావేశ కార్బన్) ఎందుకు స్థిరమో పుస్తకం మూసి, బొమ్మ వేసి చెప్పగలిగితే ద్విబంధానికి హైడ్రోజన్ ఏ వైపు చేరుతుందో చెప్పే మార్కోవ్‌నికాఫ్ నియమాన్ని విడిగా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.