పల్లీ బద్ద వెళ్ళిన దారి: వాయునాళం మోడల్ ఎంతవరకు వచ్చిందంటే

జూన్ 8, ఆదివారం

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా నాలుగేళ్ళ మేనల్లుడికి పల్లీలు నములుతూ పరిగెడుతుంటే పొలమారింది. అమ్మ వాడి నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటూ నీళ్ళు తాగించింది. దగ్గు తగ్గింది, అంతటితో అయిపోయిందనుకున్నాం. రెండు రోజుల తర్వాత వాడు ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించాయి. డాక్టరు గారు కెమెరా గొట్టం వేసి చూస్తే కుడి ఊపిరితిత్తికి వెళ్ళే దారిలో పల్లీ బద్ద ఉంది! తీసేశారు, వాడు బాగున్నాడు. "మావయ్యా, పల్లీ పొట్టలోకి కదా వెళ్ళాలి?" అని వాడు అడిగిన మాట మాత్రం నన్ను వదల్లేదు. వాడు చేత్తో పట్టుకుని చూసుకునేలా అసలు కొలతల్లో వాయునాళం చేసివ్వాలని కూర్చున్నాను.

పెద్దవాళ్ళ వాయునాళం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. గొంతు మీద పొడుచుకొచ్చే ముడికి కాస్త కింద మొదలవుతుంది. గోడలో 16 నుంచి 20 దాకా మృదులాస్థి ఉంగరాలుంటాయి. ఒక్కోటీ దాదాపు 4 మిల్లీమీటర్ల ఎత్తు. నేను 18 ఉంగరాలు తీసుకున్నాను. 18 నాలుగులు 72, మధ్యలో 17 ఖాళీలకు రెండేసి మిల్లీమీటర్ల చొప్పున 34, మొత్తం 106 మిల్లీమీటర్లు. లెక్క సరిపోయింది.

ఉంగరాలకు కరెంటు వైర్లు లాగే 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు తెచ్చాను. హాక్సా బ్లేడుతో కోస్తే మొదటి నాలుగు ముక్కలూ వంకరగా వచ్చాయి. తర్వాత 4 మిల్లీమీటర్ల వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి, పైపు చుట్టూ అంటించి, దాని అంచు వెంట కోశాను. అప్పుడు కుదిరింది. అంచులు 120 నంబరు గరుకు కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దితే చాలు.

జూన్ 15

ఈ వారం అంతా ఉంగరాల వెనక భాగం తీసేయడంతోనే సరిపోయింది. నాకు ఈ మోడల్లో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చిన్నప్పుడు పుస్తకంలో బొమ్మ చూసి వాయునాళం చుట్టూ పూర్తి ఉంగరాలే ఉంటాయనుకునేవాణ్ణి. కాదు. అవి గుర్రపు నాడాల్లా వెనక తెరిచి ఉంటాయి. ఆ ఖాళీని ఒక మెత్తని కండరం మూస్తుంది. దాని వెనకే, ఆనుకునే, ఆహారవాహిక ఉంటుంది. చుట్టూ పూర్తిగా ఉన్న ఉంగరం ఒక్కటే, అది వాయునాళానికి పైన, స్వరపేటిక అడుగున ఉంటుంది. రాయి పొదిగిన ఉంగరాన్ని తిప్పి పెట్టుకున్నట్టు దాని ముందు భాగం సన్నగా, వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. దాన్ని ఎమ్‌సీల్‌తో చేశాను.

చల్లగా ఉన్నప్పుడు కట్టర్‌తో నొక్కితే పైపు ముక్క టప్పున విరుగుతోంది. మరిగే నీళ్ళలో ముంచి తీస్తే మెత్తబడి సులువుగా తెగుతోంది కానీ విచ్చుకుపోతోంది. అందుకని పప్పుగుత్తి కాడకు కాగితం చుట్టి సరిపడా లావు చేసి, వేడి ఉంగరాన్ని దానికి తొడిగి, చల్లారేదాకా దారంతో కట్టి ఉంచాను. చుట్టు కొలతలో నాలుగో వంతు తీసేశాను.

జూన్ 22

ఉంగరాలను కలిపే పొర కోసం డాక్టర్లు వాడే పల్చటి రబ్బరు గ్లవ్ కత్తిరించాను. ముందు ఇన్‌స్టంట్ గ్లూతో అంటించాను. అది రాయిలా బిగుసుకుని, మోడల్‌ని వంచగానే పెచ్చులుగా లేచింది. సాయంత్రం పని అంతా పోయింది, చాలా బాధేసింది. సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ అయితే రబ్బరుతో పాటే సాగుతుంది. రెండు వైపులా పల్చగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు నొక్కాలి. తడి మీదే అంటిస్తే జారిపోతుంది.

ఉంగరాల మధ్య దూరం సమానంగా రావడానికి పప్పుగుత్తి కాడ మీద ఉంగరం, ఒక చుట్టు పురికొస, మళ్ళీ ఉంగరం, ఇలా పేర్చాను. మీద రబ్బరు చుట్టి అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, కాడ లాగేసి పురికొస ముక్కలు ఒక్కొక్కటే బయటికి తీశాను.

తర్వాత ఒక చివర వేలితో మూసి రెండో చివర నుంచి గాలి పీల్చాను. ఉత్త గ్లవ్ గొట్టమైతే వెంటనే అతుక్కుపోయింది. ఉంగరాలున్నది నిలబడింది, వెనక రబ్బరు మాత్రం కాస్త లోపలికి లాక్కుంది. మనం ఊపిరి తీసినప్పుడు దారి మూసుకుపోకుండా కాపాడేది ఈ ఉంగరాలే. ఆ తర్వాత వెనక ఆనించి పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టి, ఇడ్లీ ఉండ చేసి అందులోంచి తోశాను. ఉండ ఒక్కో ఉంగరాన్ని దాటుతుంటే వెనక పొర చిన్న బుడగలా లోపలికి ఉబ్బి మళ్ళీ సర్దుకుంటోంది. కోయని పైపుకు కట్టి తోస్తే అటువైపు సందే లేదు. అమ్మను పిలిచి చూపించాను, రెండుసార్లు తానే తోసి చూసింది.

దగ్గినప్పుడు ఆ వెనక కండరం బిగుసుకుని దారిని సన్నం చేస్తుంది, దాంతో గాలి ఇంకా వేగంగా తోసుకొస్తుంది. అది నా రబ్బరుతో చూపించలేను.

జూలై 6

చీలిక దగ్గరికి వచ్చాను. మీ గొంతు కింద గుంటలో వేలు పెట్టి, ఎముక మీదుగా సుమారు 5 సెంటీమీటర్లు కిందికి జరపండి. అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది, రెండో పక్కటెముక అక్కడే కలుస్తుంది. దాదాపు ఆ ఎత్తులోనే, లోపల, వాయునాళం రెండుగా చీలుతుంది. నేనైతే అది ఇంకా చాలా కింద ఉంటుందనుకునేవాణ్ణి.

కుడి కొమ్మ సుమారు 2.5 సెంటీమీటర్లు, వెడల్పుగా, దాదాపు నిటారుగా దిగుతుంది. ఎడమది గుండె మీదుగా పక్కకు పోవాలి కాబట్టి సుమారు 5 సెంటీమీటర్ల పొడవుతో, సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. కోణమానినితో కుడికి 25 డిగ్రీలు, ఎడమకు 45 పెట్టాను. కుడికి అర అంగుళం పారదర్శక పైపు, ఎడమకు మేస్త్రీలు వాడే లెవెల్ పైపు. చీలిక మధ్య గట్టును ఎమ్‌సీల్‌తో పదునుగా తీశాను. ఒంట్లో ఈ గట్టు చాలా సున్నితం, ఏదైనా తగిలితే దగ్గు ముంచుకొస్తుంది.

పై నుంచి పల్లీ బద్ద వదిలాను. అంచుకు తగిలి కుడివైపుకే జారింది. మళ్ళీ మళ్ళీ వదిలాను, ఎడమకు వెళ్ళడం అరుదు. ఆ రోజు స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్నది గుర్తొచ్చి కాసేపు పని ఆపేశాను.

ఇది పెద్దవాళ్ళ కొలత. ఆ వయసు పిల్లల వాయునాళం సుమారు పెన్సిల్ మందమే ఉంటుంది. పల్లీ తడికి ఉబ్బుతుంది, నూనె లోపలి పొరను మండిస్తుంది. చిన్నపిల్లలకు పల్లీలు గింజల్లా ఇవ్వకండి, పొడి చేసి పెట్టండి. పొలమారినప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నోట్లో గుడ్డిగా వేలు పెట్టి వెతక్కండి. ఊపిరాడక దగ్గు కూడా రాకపోతే ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. దగ్గు ఆగిపోయినా ఒక పక్కన పిల్లికూతలుంటే చూపించుకోవాలి, మేం రెండు రోజులు పోగొట్టుకున్నాం.

జూలై 13

మేనల్లుడు వచ్చాడు. మోడల్ నిలబెట్టి బద్ద చేతికిచ్చాను. వదిలాడు. కుడి పైపులో ఆగింది. "ఇదేనా నాది?" అని పైపు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

మిగిలింది ఉపజిహ్విక, మింగేటప్పుడు స్వరపేటిక మీద వాలే మూత. సైకిల్ ట్యూబు ముక్కను ఆకులా కత్తిరించి పెడితే వాలుతోంది కానీ తిరిగి లేవడం లేదు. లోపల సన్నని పాత ఎక్స్‌రే ఫిల్మ్ పట్టీ అంటించి చూస్తాను.